స్క్రాబుల్: ఇంటి ఆట మేలా, పోటీ ఆట మేలా?

రోహిణీ కార్తెలో గుంటూరు ఎండ పిల్లల్ని గడప దాటనివ్వదు. బ్రాడీపేటలోని మా ఇంట్లో మధ్యాహ్నాలన్నీ, అక్షరాల బిళ్ళలతో ఇంగ్లీషు మాటలు పేర్చే స్క్రాబుల్ ఆటతోనే గడుస్తాయి.

మొన్న మా పాప 'క్యూ', 'ఐ' అక్షరాల బిళ్ళలు రెండూ పక్కపక్కన పెట్టింది. ఏళ్ల తరబడి ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మా నాన్నగారు "అలాంటి మాట లేదమ్మా, తీసెయ్" అన్నారు. తాతయ్య కాదన్నాక ఇంకేముంది? మారు మాట్లాడకుండా తీసేసింది. కానీ ఆ మాట ఉంది. చైనా సంప్రదాయంలో ప్రాణశక్తికి పేరది, 'చీ' అని పలకాలి. పోటీల పదకోశంలో చోటు ఉన్నదే, పైగా క్యూ ఒక్కదానికే 10 పాయింట్లు.

ఇంటి ఆటతో నా పేచీ ఇదే. ఏది మాటో, ఏది కాదో ఇంట్లో పెద్దరికం తేలుస్తుంది. పోటీ ఆటలో ఆ పని పదకోశానిది. అనుమానం వస్తే సవాలు చేయాలి. మాట తప్పయితే పెట్టినవారు బిళ్ళలు వెనక్కి తీసుకోవాలి, వంతూ పోతుంది. ఒప్పయితే, అమెరికా పోటీల్లో సవాలు చేసినవారి వంతు పోతుంది. తాతకూ మనవరాలికీ ఒకే న్యాయం. దాని విలువ పిల్లలకు బాగా తెలుసు.

లెక్క నేర్పడంలోనూ పోటీ ఆటదే పైచేయి. మొత్తం 100 బిళ్ళల్లో ఏవి అయిపోయాయో కాగితం మీద కొట్టేసుకుంటూ పోతే, బిళ్ళలు తీసుకునే సంచి ఖాళీ అయ్యేసరికి ఎదుటివారి దగ్గర ఏమున్నాయో తేలిపోతుంది. మా పాప పాత క్యాలెండరు కాగితం వెనక ఆ పట్టిక గీసుకుంది.

అయితే పోటీలో మాటకు అర్థం అక్కరలేదు. న్యూజిలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచి మాట్లాడటం రాకుండానే 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచారు. ఆ జ్ఞాపకశక్తికి చేతులెత్తి మొక్కుతాను. మా పాప మాత్రం మాటల్ని అలా నేర్చుకోవడం నాకిష్టం లేదు.

ఒకసారి బల్ల మీద 'బ్యాండ్' అని ఉంటే నాన్నగారు చివర ఐదు బిళ్ళలు చేర్చి 'బ్యాండికూట్' చేశారు. "ఇది మన పందికొక్కేనమ్మా. తెలుగులోంచే ఇంగ్లీషుకు వెళ్ళింది" అన్నారు. పాప ఆట వదిలేసి వంటింట్లోకి పరుగెత్తి వాళ్ల నానమ్మకు చెప్పి వచ్చింది. మనిషికి 25 నిమిషాలే ఇచ్చి, దాటిన ప్రతి నిమిషానికీ 10 పాయింట్లు కోసే పోటీ గడియారం ముందు ఆ పరుగుకు తీరికేదీ?

ఊరికే నలుగురూ కూర్చున్నప్పుడు, లేదా పిల్లలు మరీ చిన్నవాళ్లయితే, ఇంటి ఆటే చాలు. పదేళ్లు దాటిన పిల్లలకు నా ఓటు పోటీ నిబంధనలకే, గడియారం మాత్రం వద్దు. పదకోశం ఫోనులో పెట్టుకుని మేమిప్పుడు అలాగే ఆడుతున్నాం.

నిన్న పాప మళ్ళీ ఆ రెండు బిళ్ళలూ పెట్టింది. నాన్నగారు కళ్లద్దాలు సవరించుకుని ఫోనులో వెతికారు. "ఉందమ్మా. అర్థం ఏమిటో చెప్పు, వింటాను" అన్నారు.