పికప్ లేని పికప్‌కి నాలుగో గేరు: నాలుగేళ్ల వాడకం తర్వాత

నా బండి 1972 షెవర్లే సి10, పొడవు తొట్టి మోడల్. ఇంజన్ 350 వి8, అంటే 5.7 లీటర్లు. దానికి మూడు గేర్ల టీహెచ్350 ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉండేది. పేరు పికప్పే గానీ పికప్ అంతంతమాత్రం. పైగా 60 మైళ్ల వేగం అందుకునేసరికి ఇంజన్ రొద ఎంత ఉండేదంటే, పక్క సీట్లో మనిషితో అరిచి మాట్లాడాల్సిందే. నాలుగేళ్ల కిందట ఆ గేర్‌బాక్స్ దించేసి, నాలుగు గేర్ల 700ఆర్4 ఆటోమేటిక్ ఎక్కించాను. సెకండ్ హ్యాండ్‌దే. అప్పటినుంచి 38 వేల కిలోమీటర్లు తిరిగింది. మార్చినందుకు బాధ లేదు. తక్కువలో అయిపోతుందనుకున్న పని మాత్రం తడిసి మోపెడైంది. అందులో సగం నా తొందరపాటు వల్లే.

బండి గురించి ఎవరిని కదిపినా ఇంజన్ మార్చెయ్ అన్నవాళ్లే. 1999 నుంచి జీఎం (షెవర్లే మాతృసంస్థ జనరల్ మోటార్స్) ట్రక్కుల్లో వచ్చిన 5.3 లీటర్ల వి8 పాత బళ్లకు బాగా కుదురుతుంది, స్క్రాప్‌లో దొరకడం కూడా తేలికే. నాకూ మనసు లాగింది. ఒక సాయంత్రం కూర్చుని కాగితం మీద రాసుకున్నాను: దాని కంప్యూటరు, వైరింగు, కంప్యూటర్లో ఉండే దొంగతనం లాక్ తీయించడం, దాదాపు 58 పీఎస్‌ఐ ప్రెజర్ ఇచ్చే పెట్రోలు పంపు, కిందికి వేలాడని ఆయిల్ పాన్, కొత్త మౌంటింగులు, సైలెన్సర్ పైపులు. అసలు కంటే కొసరే ఎక్కువగా తేలింది. నా పాత ఇంజన్ పొగ వదలడం లేదు, ఆయిల్ తాగడం లేదు. దాన్ని అలాగే ఉంచాను.

గేర్‌బాక్స్ లెక్క ఇలా ఉంటుంది. బయటికి ఒక్క చుట్టు రావడానికి ఇంజన్ ఎన్ని చుట్లు తిరగాలో చెప్పేవే ఈ అంకెలు. టీహెచ్350లో మొదటి గేరు 2.52, టాప్ గేరు 1.00. 700ఆర్4లో మొదటిది 3.06, నాలుగోది 0.70. నా వెనక ఇరుసు హౌసింగ్‌లో చివరి గేరు జత, అంటే క్రౌన్ పినియన్, 3.73, టైరు ఎత్తు 28 అంగుళాలు. 60 మైళ్ల దగ్గర (సుమారు 96 కిలోమీటర్లు) ఇంజన్ ఇదివరకు నిమిషానికి 2,700 చుట్లు తిరిగేది, ఇప్పుడు 1,900 తిరిగితే చాలు. మొదటి గేరు అంకె పెద్దది కావడంతో లోడు మీద కూడా బండి చటుక్కున కదులుతుంది. ఒకే మార్పుతో అటు కదలిక, ఇటు నిమ్మళం రెండూ దొరికాయి.

కానీ మీ బండిలో క్రౌన్ పినియన్ 3.07 అయితే ఆగి ఆలోచించండి. 3.06ని 3.07తో గుణిస్తే సుమారు 9.4. నా పాత గేర్‌బాక్స్‌తో 2.52ని 3.73తో గుణించినా అంతే వచ్చేది. అంటే కదలికలో నాకున్న పాత అవస్థే మీకు మిగులుతుంది. నాలుగో గేరులో ఇంజన్ మరీ నెమ్మదించి, చిన్న ఎత్తుకే మూలుగుతుంది. మొదట వెనక హౌసింగ్ మీద ట్యాగ్ చూడండి, లేదా చక్రం తిప్పి, గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకు వెళ్లే షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టండి.

ఇక నా కొంప ముంచిన కేబుల్ సంగతి. ఈ గేర్‌బాక్స్‌కి కంప్యూటర్ లేదు. మనం యాక్సిలరేటర్ ఎంత తొక్కామో దానికి చెప్పేది ఒక్క టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్. దాని ఒక కొస కార్బొరేటర్ లీవర్‌కి, రెండో కొస గేర్‌బాక్స్ లోపలి వాల్వుకి. తొక్కేకొద్దీ కేబుల్ లాగుతుంది, లోపల ఆయిల్ ప్రెజర్ పెరుగుతుంది, క్లచ్ ప్లేట్లు గట్టిగా పట్టుకుంటాయి. కేబుల్ వదులుగా ఉందా, ప్రెజర్ చాలక ప్లేట్లు జారుతూ కాలిపోతాయి. నా కార్బొరేటర్ వేరే కంపెనీది, దాని లీవర్ కొలత ఈ కేబుల్‌కి సరిపోదు. కొలత సరిచేసే చిన్న బ్రాకెట్ విడిగా దొరుకుతుంది. పిసినారితనం కొద్దీ నేను రేకు ముక్క వంచి ఒకటి చేసుకున్నాను.

తమాషా ఏమిటంటే, తప్పుగా కట్టినప్పుడే బండి హాయిగా నడిచింది. గేర్లు తొందరగా, వెన్నలా పడేవి. మురిసిపోయాను. వెయ్యి కిలోమీటర్లు నిండకముందే మూడో గేరు జారడం మొదలైంది. గేర్‌బాక్స్ కింది పాన్ విప్పితే ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ నల్లగా, మాడు వాసనతో వచ్చింది. పక్కన టార్చి పట్టుకున్న మా స్నేహితుడు చూసి, "ఒరేయ్, ఇది ఆయిల్ కాదురా, తారు" అన్నాడు. మూడు, నాలుగు గేర్లకు పనిచేసే క్లచ్ ప్లేట్లు బూడిదయ్యాయి. మొత్తం విప్పి బాగు చేయించడానికి గేర్‌బాక్స్ కొన్న దానికంటే ఎక్కువే అయింది.

రెండోసారి బుద్ధిగా ఆ బ్రాకెట్ కొన్నాను. ఇంజన్ ఆపి, కేబుల్ మీది బటన్ నొక్కి స్లైడర్ వెనక్కి తోసి, యాక్సిలరేటర్‌ని చివరిదాకా తెరిస్తే అది టకటకమని తనంతట తానే సర్దుకుంటుంది. ఆ తర్వాత ప్రెజర్ గేజ్ తగిలించి చూసుకున్నాకే రోడ్డెక్కాను. అయిదు నిమిషాల పని. మొదటిసారి ఎందుకు చేయలేదని అడక్కండి.

లాకప్ కూడా వదిలేయదగింది కాదు. ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఆయిల్‌తో బలం అందించే కన్వర్టర్‌ని జారకుండా బిగించేదే లాకప్. నాలుగో గేరులో కన్వర్టర్ లాక్ కాకపోతే జారుడు వల్ల వేడి పుడుతుంది, ఆ వేడే గేర్‌బాక్స్‌ని తినేస్తుంది. ఒక ప్రెజర్ స్విచ్, ఒక వాక్యూమ్ స్విచ్, బ్రేక్ స్విచ్ మీదుగా వైరు లాగితే సరిపోతుంది. బ్రేక్ తొక్కినప్పుడు లాక్ విడిపోవాలి, లేకపోతే బండి ఆగేటప్పుడు ఇంజన్ కూడా ఆగిపోతుంది. రేడియేటర్ ముందు విడిగా ఒక ఆయిల్ కూలర్ పెట్టాను. ఎక్కడ మిగుల్చుకున్నా దీని దగ్గర మాత్రం వద్దు.

షాఫ్ట్ పని తేలిగ్గానే అయింది. 700ఆర్4 దాదాపు మూడు అంగుళాలు పొడవెక్కువ, అందుకని రెండు ముక్కల షాఫ్ట్‌లో ముందు ముక్క కోయించి బ్యాలెన్స్ చేయించాను. షాఫ్ట్‌ని గేర్‌బాక్స్‌కి కలిపే యోక్ పాతదే సరిపోయింది. గేర్‌బాక్స్‌ని కింద మోసే క్రాస్‌మెంబర్ వెనక్కి జరపాలి. 50 మైళ్ల దగ్గర సన్నగా వణుకు వచ్చింది, షాఫ్ట్ మధ్యలోని సెంటర్ బేరింగ్ కింద షిమ్ (పల్చటి రేకు) వేసి కోణం సరిచేశాక పోయింది.

నచ్చనిది ఒకటుంది, అది ఇక మారదు. మొదటి గేరు 3.06 నుంచి రెండోది ఒక్కసారిగా 1.63కి దిగుతుంది. గేరు పడగానే ఇంజన్ వేగం దాదాపు సగానికి పడిపోయి, బండి గోతిలో దిగినట్టు అనిపిస్తుంది. టౌన్లో మొదటి నెలంతా చిరాకే. ఇప్పటికీ ఎత్తు ఎక్కేటప్పుడు రెండో గేరు కాస్త ఆలస్యంగా పడితే బాగుండనిపిస్తుంది. లోడుతో ఎత్తెక్కుతున్నప్పుడు లీవర్‌ని నేనే మూడులోకి లాగేస్తాను. నాలుగో గేరు చదును రోడ్డుకే.

మైలేజీ మీద పెద్ద ఆశలు వద్దు. లీటరుకు అయిదు దాటని బండి ఇప్పుడు ఆరుకు పైన ఇస్తోంది. పెట్టిన ఖర్చు పెట్రోల్లో తిరిగి రావాలంటే నా జీవితకాలం చాలదు.

కొనేటప్పుడు 1987 తర్వాత తయారైనదే వెతకండి, ముందువాటి కంటే లోపలి భాగాలు మెరుగుపడ్డాయి. 1990 నుంచి దీన్నే 4ఎల్60 అన్నారు, పేరు వేరని వదిలేయకండి. చివర 'ఈ' (E) అనే అక్షరం ఉన్నది, అంటే 4ఎల్60ఈ, వేరే రకం. దానికి కంప్యూటర్ కావాలి. నాకు అమ్మినవాళ్లు "నడుస్తున్న బండిలోంచి దించాం" అన్నారు, ఏ సంవత్సరందో మాత్రం చెప్పలేకపోయారు. కేస్ మీది నంబరు చూసి నేనే తేల్చుకోవాల్సి వచ్చింది.

నాలుగేళ్లలో మళ్లీ పాన్ విప్పింది రెండుసార్లు, రెండూ ఆయిల్, ఫిల్టర్ మార్చడానికే. ఆయిల్ ఎర్రగానే ఉంది. పోయిన నెల వెనక సీల్ కారుతుంటే మార్చాను. ఇప్పుడు ఇంజన్ రొద తగ్గాక, ఇన్నాళ్లూ వినపడని డిఫరెన్షియల్ గుర్రు వినపడుతోంది. మా స్నేహితుడు దాన్నీ విప్పుదామంటున్నాడు. రేడియో సౌండ్ కాస్త పెంచుకుని నడుపుతున్నాను.