బోర్డు లేని షాపులో చేయించిన అద్దాల అల్మారాలు

నల్లగొండల అద్దాల తలుపుల అల్మారా చేయించుకుందామనుకునేటోళ్లకు ముందే చెప్తున్న: దేవరకొండ రోడ్డు దిక్కు సందుల ఉన్న వడ్లాయన (వడ్రంగి) పని గట్టిది, ఆయన చెప్పే తారీకు ఒట్టిది. షాపుకు బోర్డు లేదు, కాబట్టి పేరు రాసే బాధ నాకూ లేదు. కోత మిషన్ చప్పుడు, టేకు పొట్టు వాసన పట్టుకొని పోతే దొరుకుతది. తండ్రీ కొడుకులిద్దరే పనిచేస్తరు. తండ్రిని అందరు పెద్ద చారి అంటరు, నేనూ అంతే.

నేను పెట్టుకోవాల్సినవి పుస్తకాలు కొన్ని, గింజలు కొలిచే పాత కొలత పాత్రలు, తూకపు బాట్లు ఎక్కువ. మా బాపు గంజుల (ధాన్యం మార్కెట్ల) దడువాయి, అంటే తూకం వేసేటాయన. ఆయన ఇంట్ల వదిలిపెట్టిన పాత బాట్లతోని మొదలైంది ఈ పిచ్చి. నౌకరీ పేరు మీద కాలువల వెంబడి తిరిగిన రోజులల్ల ఏ ఊర్ల పాత ఇత్తడి కొనేటాయన కనపడ్డా ఆయన సంచి విప్పించేది. గిద్దె నుంచి కుంచం దాకా ఇత్తడి కొలతలు, ఛటాకు నుంచి పంచేరు దాకా ఇనుప బాట్లు, తరాజులు. 1958 అక్టోబరుల మెట్రిక్ తూకాలు మొదలైనయి, 1962 ఏప్రిల్ వచ్చేసరికి పాతవి చెల్లకుండ పోయినయి. అట్ల ఇండ్లల్ల మూలకు పడ్డ సామానే ఇదంతా. సేరు బాటు గుండ్రంగ ఉంటది, తర్వాత వచ్చిన కిలో బాటుకు ఆరు మూలలుంటయి. రెండూ పక్కపక్కన పెడితే ఎవరూ చెప్పకుండనే పిల్లలు అడుగుతరు, ఇదెందుకు గిట్లుంది తాతా అని. సందుగల మూట కట్టి పెడితే ఎవరడుగుతరు?

వడ్లాయన దగ్గరికి పోకముందు వేరే దారులు గూడ చూసిన. తాసీల్దారు ఆఫీసులల్ల, లైబ్రరీలల్ల ఉండే అద్దాల తలుపుల ఇనుప బీరువా ఉన్నదే, అది చవక, చెదలు పట్టదు, బరువు ఆపుతది. పుస్తకాలు ఒక్కటే ఉన్నోళ్లు నిమ్మలంగ అదే కొనుక్కోవచ్చు. నాకు మాత్రం ఇంట్ల ఆఫీసు కనపడొద్దు. మా అబ్బాయి హైదరాబాదుల ఉంటడు, హైటెక్ సిటీల 2018ల తెరిచిన ఐకియాకు తీసుకపోయిండు. బిల్లీ అని ఒక పుస్తకాల అల్మారా, 1979 నుంచి వస్తున్నదట, దానికి అద్దాల తలుపులు గూడ విడిగ అమ్ముతరు. చూపుకు శుభ్రంగ ఉంది. 80 సెంటీమీటర్ల వెడల్పు అరకు 30 కిలోల దాకా అని వాళ్లే చెప్తరు, పుస్తకాలకు అది చాలు. నా కింది అర మీద బాట్లే 60 కిలోల దగ్గరికి వస్తయి. నమస్కారం పెట్టి బయటికొచ్చినం.

ఇగ అసలు సంగతి. అద్దాల అల్మారాకు పైసలు పెట్టాల్సింది చెక్కకు కాదు, తలుపుకు. అందరు టేకా, ప్లైవుడ్డా అనే దగ్గరనే కొట్టుకుంటరు. చెక్క ఏదైనా డబ్బా డబ్బానే. దుమ్ము ఆపేది తలుపు, రోజూ చెయ్యి పడేది తలుపు, సామాను కనపడేది తలుపులకెళ్లి, ముందు పాడయ్యేది గూడ తలుపే. ఈ ముక్క పెద్ద చారికి చెప్తే ఆయన నాకంటే ముందే తల ఊపిండు. కొడుకు మాత్రం ఫోనుల జారుడు అద్దాల బొమ్మలు చూపెట్టిండు. జారుడు అద్దాలు రెండు గాళ్లల్ల నడుస్తయి, వాటి నడుమ సందు తప్పదు, ఆ సందు మన ఊరి దుమ్ముకు పెద్ద దర్వాజ. పైగ ఎప్పుడు తెరిచినా సగమే తెరుచుకుంటది, కుంచం లాంటిది బయటికి తీయాలంటే అడ్డంగ తిప్పాలె. వద్దన్న. కబ్జాల (మడత బందుల) తలుపులే పెట్టించిన, ఒక రెక్క మీదికి ఇంకో రెక్క ఎక్కేటట్టు గాడి తీయించిన.

అద్దం బరువు లెక్క కట్టమని నా సలహా. ఒక చదరపు మీటరు అద్దం, మందం మిల్లీమీటరుకు రెండున్నర కిలోలు తూగుతది. అడుగున్నర వెడల్పు, ఐదు అడుగుల ఎత్తు తలుపుకు 5 మిల్లీమీటర్ల అద్దం వేస్తే అద్దమొక్కటే 9 కిలోలకు దగ్గర. దాని మీద చౌకట్టు. రెండు కబ్జాలతోని వేలాడదీస్తే ఏడాది తిరిగేసరికి మూల జారి కింది పలకకు రాసుకుంటది. పెద్ద చారి మూడు వేస్తనన్నడు, నాలుగు వేయించిన. గట్టిపరిచిన అద్దమే తీసుకోండి, పగిలితే చిన్న చిన్న గింజలైతది గాని కత్తుల లెక్క చీలదు. ఒకటి గుర్తుంచుకోవాలె: గట్టిపరిచినంక దాన్ని కోయరాదు, బెజ్జం వేయరాదు. కాబట్టి చౌకట్టు తయారైనంకనే అద్దం కొలత ఇవ్వాలె, గాడి కంటె పక్కకొక సూతు (అంగుళంల ఎనిమిదో వంతు) తక్కువ. చారి ఈ లెక్కల తప్పు పోలేదు. అద్దాన్ని లోపలి దిక్కు చెక్క బీడింగుతోని, సన్న స్క్రూలతోని పట్టిచ్చిండు, రేపు పగిలినా తలుపు పీకకుండ మార్చుకోవచ్చు. లప్పం పెట్టి అతికేటోళ్లున్నరు, వాళ్ల జోలికి పోకండి.

అరల సంగతిల మా ఇద్దరికి కొంచెం మాట పెరిగింది. మూడు అడుగుల వెడల్పు అర ఒకే పలకగ ఉంటే చూపుకు బాగుంటదని ఆయన. నేను ఇరిగేషన్ల దూలాల లెక్కలు చేసి రిటైరైనోన్ని. అంతే బరువుకు పలక పొడుగు రెండింతలైతే వంగుడు ఎనిమిదింతలైతది. మందం రెండింతలు చేస్తే ఎనిమిదో వంతుకు దిగుతది. గందుకే నడుమ ఒక నిట్టాడు పలక పెట్టించిన. రెండు తలుపులు కలిసే చోట చౌకట్టు పట్టీలు ఎట్లాగూ ఉంటయి, వాటి వెనుకనే ఆ పలక దాక్కుంటది, బయటికి కనపడనే కనపడదు. ఇప్పుడు ప్రతి అర అడుగున్నరే. బాట్లు పెట్టి చాలా రోజులైంది, దారం లాగి చూసిన, వెంట్రుక వాసి గూడ వంగలేదు. ఈ మాట చారికి ఫోన్ చేసి చెప్పిన గూడ. "అయితే వచ్చే గిరాకికి నేనూ గట్లనే చెప్త సారూ" అన్నడు.

ఇంకో గొడవ నగిషీ గురించి.

"పైన ఒక నెమలి పెడ్త సారూ, దేవునర్ర తలుపు లెక్క మంచిగుంటది."

"నెమలి వద్దు చారీ."

"ఉత్తగ కనపడ్తది సారూ!"

"ఉత్తగ ఉంటేనే లోపలి సామాను కనపడ్తది."

మనసొప్పలేదు ఆయనకు. ఆఖరికి పైపట్టీకి అంచు మీద ఒక సన్న గీత చెక్కి ఊరుకున్నడు. అది బాగనే ఉంది, ఒప్పుకుంట.

చెక్కకు కొత్త టేకు కొనలేదు. కూలగొట్టిన పాత ఇండ్ల దర్వాజలు, వాసాలు ఆయన దగ్గర పేర్చి ఉన్నయి. ఎన్నో ఎండాకాలాలు చూసిన కట్టె, ఇగ వంకర పోయేదేముంది? మన దగ్గర మే నెలల చెక్క ఎండి ముడుచుకుంటది, వానాకాలం ఉబ్బుతది, కొత్త కట్టె తలుపైతే ఆగస్టుల తెరుచుకోక సతాయిస్తది. మేకు బెజ్జాలు అక్కడక్కడ ఉన్నయి, కట్టె పొట్టు, జిగురు కలిపి పూడ్చిండు, దగ్గరికి పోయి చూస్తే తెలుస్తది. నాకు అది లోపం అనిపించలేదు గాని కొత్త ఫర్నిచర్ మెరుపు కావాలనుకునేటోళ్లకు అనిపిస్తది. వెనుక మాత్రం ప్లైవుడ్.

ఆ ప్లైవుడ్ గురించే ఒక జాగ్రత్త. కట్టె నుంచి, జిగురు నుంచి పుల్లటి ఆవిర్లు వస్తయి, తలుపులు మూసి ఉంచితే లోపలనే తిరుగుతయి. ఇత్తడి తొందరగ మసకబారుతది. అంతకంటె పెద్ద తిప్పలు సీసానికి. పాత ఇనుప బాట్లను తిప్పి చూడండి, అడుగున గుంత తీసి సీసం నింపి ఉంటది. తూకం సరిచేసేది దానితోనే, సర్కారు ముద్ర కొట్టేది దాని మీదనే. ఈ ఆవిరి తగిలితే సీసం తెల్ల పొడిగ రాలుతది, ముద్ర పోతది. ముద్ర పోయిన బాటు ఉత్త ఇనుప ముద్ద. అందుకని అల్మారాలు ఇంటికొచ్చినంక తలుపులు బార్లా తెరిచి వాసన పూర్తిగ పోయేదాక ఖాళీగనే ఉంచిన. మా ఇంటావిడ రోజూ వచ్చి చూసేది. "గిన్ని పైసలు పెట్టి గాలికి చేయించిన్రా ఏంది?" అని ఒకనాడు అడగనే అడిగింది.

ఆమెతోని ఇంకో పేచీ చింతపండు దగ్గర. దసరాకు ఇత్తడంతా చింతపండు పెట్టి తోమాలనేది ఆమె పద్ధతి, దేవుని సామానుకు సరే. కొలతలకు వద్దని బతిలాడిన. పులుపు పైపొరను తినేస్తది, ఏండ్ల తరబడి తోమితే కొలత అంచు మీది అక్షరాలు అరిగిపోతయి. మెత్తటి పొడి గుడ్డ చాలు. ఒక సోలను మాత్రం ఆమె అల్మారా ఎక్కనీయలేదు, బియ్యం డబ్బలనే ఉంది, దానితోనే కొలుస్తది. నేను అడగను గూడ.

అద్దాలు తుడిచే తీరు షాపుల ఎవరూ చెప్పలేదు, నేను చెప్తున్న. నల్లగొండ నీళ్లంటే లోకానికి ఫ్లోరైడు గుర్తొస్తది. అద్దానికి శత్రువు మాత్రం ఫ్లోరైడు కాదు, బోరు నీళ్లల్ల ఉండే కాల్షియం, మెగ్నీషియం ఉప్పులు. తడిగుడ్డ పెట్టి వదిలేస్తే ఆరినంక తెల్ల చుక్కలు నిలుస్తయి, తర్వాత గోకినా పోవు. భగీరథ నల్లా నీళ్లతోని తడిపి, వెంటనే పొడిగుడ్డతోని తుడిస్తే మా ఇంట్ల చుక్క పడ్తలేదు. అప్పటికే పడ్డ చుక్కలకు వెనిగర్ పనిచేస్తది, గుడ్డకు అద్దుకొని తుడవాలె తప్ప తలుపు తెరిచి చల్లొద్దు, లోపల ఇత్తడి ఉన్నది.

దీపాల సంగతి ఎలక్ట్రీషియన్ చూసిండు, చారికి సంబంధం లేదు. 12 వోల్టుల ఎల్‌ఈడీ పట్టీ, పసుపు కాంతి. దాన్ని వెనుక గోడకు అతికించే అలవాటు చాలా మందికి ఉంది, అప్పుడు సామాను నల్లటి నీడ లెక్క నిలబడ్తది. ముందు చౌకట్టు లోపల, లోపలి దిక్కు మొఖం పెట్టి అతికించాలె. కరెంటును 12 వోల్టులకు తగ్గించే, వేడెక్కే చిన్న డబ్బాను అల్మారా మీద బయట పెట్టించిన. పై రెండు అరలకు మాత్రం 8 మిల్లీమీటర్ల అద్దం పలకలు వేయించిన, తేలిక ఇత్తడి గిద్దెలు, సోలలు అక్కడున్నయి, వెలుగు వాటిలకెళ్లి కిందికి దిగుతది. ఎదురు గోడకు ట్యూబులైటు ఉంటే మాత్రం ఎంత మంచి అద్దమైనా దండగ, మీ మొఖమే మీకు కనపడ్తది. మామూలు అద్దానికి అంచుల ఆకుపచ్చ జీర ఉంటది, ఇనుము వల్ల. జీర లేనిది గూడ దొరుకుతది, ధర చూసి వద్దనుకున్న, ఇత్తడికి ఆ జీర ఏం అడ్డం రాలేదు.

ఇగ చారి మీద ఫిర్యాదులు. దసరాకు ఇస్తనన్నడు, దీపావళి పోయినంక తెచ్చిండు. నడుమ పెండ్లి మంచాల పని ఒప్పుకున్నడని తర్వాత తెలిసింది, ముందే చెప్తే నేనేం కాదనకపోదును. ఫోన్ ఎత్తడు, కొడుకు ఎత్తి "నాయిన పనిల ఉన్నడు సారూ" అంటడు. మాగ్నెట్లు నాసిరకం వేసిండు, ఒక తలుపు దానంతటదే తెరుచుకునేది, నేను షాపుకు పోయి కొత్తవి తెచ్చి బిగించుకున్న. మా ఇంట్ల షాబాద్ బండలు ఎగుడుదిగుడు, కాళ్లకు తిప్పే స్క్రూలు పెట్టమంటే చెక్క ముక్కలు కొట్టి సరిచేసిండు. అది నాకు నచ్చలేదు, చెదలకు మెట్లు కట్టినట్టే. గ్రానైటు ముక్కలు నేనే పెట్టించుకున్న. గోడకు రెండు అంగుళాలు ఎడం ఉంచి, పైన ఇనుప పట్టీతోని గోడకు బిగించమన్న, అది మాత్రం చెప్పినట్టే చేసిండు. పిల్లలున్న ఇంట్ల ఈ పట్టీ లేకుండ ఎత్తు అల్మారా పెట్టొద్దు, బరువు తలుపులు రెండూ ఒక్కసారి తెరిస్తే ముందుకు ఒరగొచ్చు.

ఆరున్నర అడుగుల ఎత్తు, మూడు అడుగుల వెడల్పు, లోపల అడుగు లోతు, అట్లాంటివి రెండు. చదరపు అడుగు లెక్కన మాట్లాడుకున్నం, అద్దాలు నావి వేరే. అన్నీ కలిపి 70 వేలు దాటింది. పుస్తకాలకైతే పది అంగుళాల లోతు చాలు, అంత ఖర్చు రాదు.

ఐదుల నాలుగు ఇస్త. తగ్గించిన ఒకటి తారీకుకు, మాగ్నెట్లకు కలిపి. పోయేటోళ్లు కొలతలు కాగితం మీద రాసుకొని పోండి, కబ్జాలు, మాగ్నెట్లు మీరే కొని చేతిల పెట్టండి, సగం కంటె ఎక్కువ పైసలు ముందు ఇయ్యకండి. పొద్దున పదకొండు లోపల పోతే పెద్ద చారి దొరుకుతడు. అమావాస్య నాడు పోకండి, ఆ రోజు పనిముట్లు ముట్టడు, షాపు తాళం వేసి ఉంటది.