బుజ్జి దురదకు మూడు వానాకాలాలు వాడిన షాంపూ

మా ఇంట్లో కింద షాబాద్ బండలు. రాత్రిపూట మా కుక్క బుజ్జి గోక్కుంటుంటే వెనక కాలు ఆ బండకు తగిలి టకటకమని ఒకటే చప్పుడు. మొదటి వానాకాలం ఆ చప్పుడుకు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. లేచి లైటు వేస్తే అది తోక ఊపుతూ నా వైపు చూసేది, మళ్లీ గోక్కునేది. కడుపులో దేవినట్టయ్యేది నాకు.

బుజ్జి లాబ్రడార్. ఆరేళ్లు, ఇరవై ఎనిమిది కిలోలు. మాది జడ్చర్ల. మూడు వానాకాలాలుగా దానికి వాడుతున్నది క్లోర్‌హెక్సిడిన్ (క్రిములను చంపే మందు) 2 శాతం, మైకోనజోల్ (ఫంగస్‌ను చంపే మందు) 2 శాతం ఉన్న మందు షాంపూ. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. స్టాకు లేనప్పుడు రెండుసార్లు కంపెనీ మార్చాను. లోపలి మందు, దాని శాతం అవే ఉన్నంతవరకు నాకు తేడా కనిపించలేదు. అందుకే బాటిల్ ముందున్న కుక్క బొమ్మ చూసి కొనకండి, వెనక చిన్న అక్షరాల్లో ఏం రాశారో చదివి కొనండి. నేను ఆ పని చేయక ఐదు నెలలు పోగొట్టుకున్నాను.

ఆ ఐదు నెలల్లో ముందు కొన్నది పెట్ షాపులో ఇచ్చిన ఓట్స్ షాంపూ. పరిమళం బాగుంది, బొచ్చు మెరిసింది, రెండు రోజులు హాయిగా పడుకుంది. మూడో రోజు మళ్లీ మొదలు. ఓట్స్ షాంపూ చెడ్డదని కాదు, పొడిబారిన చర్మానికి అది చల్లదనం ఇస్తుంది. బుజ్జిది పొడి చర్మం కాదు. చంకల్లో, పొట్ట కింద జిడ్డు, కాలి వేళ్ల సందుల్లో ఎర్రదనం, దగ్గరికి వస్తే పులిసిన పిండి లాంటి వాసన. తర్వాత వేప సబ్బు. ఆ తర్వాత అమ్మ "కొబ్బరినూనె రాస్తే చల్లగుంటది" అని వారం రోజులు ప్రేమగా రాసింది. చంకల్లో చర్మం నల్లబడి, మందంగా, ముడతలు పడి ఏనుగు తోలులా తయారైంది. పక్కింటాయన బండి నుంచి తీసిన పాత ఇంజిన్ ఆయిల్ పూయమన్నాడు. అది మాత్రం ఒప్పుకోలేదు. మీరూ ఒప్పుకోకండి. కుక్క ఒళ్లు నాకుతుంది, ఆ విషం కడుపులోకి పోతుంది. కిరోసిన్ సంగతి కూడా అంతే.

చివరికి మహబూబ్‌నగర్‌లో పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చంకలో ఒక పారదర్శక టేపు ముక్క నాలుగైదు సార్లు అద్ది, గాజు పలక మీద అంటించి, రంగు వేసి మైక్రోస్కోపులో పెట్టారు. నన్నూ చూడమన్నారు. ఊదారంగు చుక్కలు, మధ్యలో నొక్కుకుపోయి అచ్చం రెండు గింజల పల్లికాయల్లా ఉన్నాయి. మా నాన్న ఏటా పల్లి పండించి బాదేపల్లి మార్కెట్‌కు వేస్తాడు, ఆ ఆకారం నేను పొరపాటు పడే అవకాశమే లేదు. "ఇది మలసీజియా అనే ఈస్ట్" అన్నారు డాక్టర్, అంటే ఒక రకం ఫంగస్. ఇది అన్ని కుక్కల ఒంటి మీదా కొద్దిగా ఉంటుందట. తేమ, జిడ్డు దొరికితే విపరీతంగా పెరుగుతుంది. కొబ్బరినూనె సంగతి చెబితే "దానికి నూనె అంటే మేతనే" అన్నారు. అమ్మకు ఆ మాట చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

చర్మం కొద్దిగా గీకి, గజ్జి పురుగులు ఉన్నాయేమో కూడా చూశారు. లేవు. ఉంటే ఈ షాంపూతో పని కాదు, దానికి వేరే మందులు. అందుకే ముందు ఆ పరీక్ష చేయించమని చెబుతున్నాను. ఐదు నిమిషాల పని, దానికైన ఖర్చు ఒక బాటిల్ ధర కంటే తక్కువ.

ఇక డాక్టర్ రాసిన ఆ మందు షాంపూతో స్నానం. అసలు ఫలితం ఇక్కడే ఉంది. మొదటి రెండు వారాలు నేను మామూలుగా రుద్ది కడిగేశాను, ఏమీ తగ్గలేదు. మళ్లీ వెళ్తే డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న "నురుగు ఎన్ని నిమిషాలు ఉంచుతున్నరు?" అని. రెండు నిమిషాలు కూడా ఉండదన్నాను. పది నిమిషాలు ఉండాలట. నురుగు మురికి తీయడానికి కాదు, మందు చర్మం మీద నిలవడానికి. ఫోన్‌లో టైమర్ పెట్టుకోవడం ఆ రోజు నుంచి మొదలైంది.

తడిసిన లాబ్రడార్‌ను పది నిమిషాలు నిలబెట్టడం తేలిక కాదు. నాకు పనిచేసిన ఉపాయం ఒకటి ఉంది. స్టీలు పళ్లానికి గట్టి పెరుగు పల్చగా పూసి, గోడకు ఆనించి దాని మూతి ముందు పెడతాను. నాకుతూ నిలబడుతుంది. ముందు ఐదు నిమిషాలు ఒళ్లంతా చర్మం దాకా తడవాలి, లాబ్రడార్ బొచ్చు కింద ఇంకో పొర ఉంటుంది, పైన తడిసినా లోపల పొడిగానే ఉంటుంది. షాంపూ పాదాల దగ్గర, చంకల దగ్గర ముందు పెడతాను, బాధ ఎక్కువ ఉన్న చోట మందు ఎక్కువసేపు ఉంటుంది కదా. టైమర్ మాత్రం ఒళ్లంతా పట్టించడం అయ్యాకే. కళ్లలోకి, చెవుల లోపలికి పోనివ్వకూడదు. క్లోర్‌హెక్సిడిన్ కంటికి హాని చేస్తుంది, కర్ణభేరికి రంధ్రం ఉంటే వినికిడికి కూడా. తల భాగాన్ని తడి గుడ్డతో తుడిచి వదిలేస్తాను. వేడినీళ్లు వద్దు, దురద ఇంకా పెరుగుతుంది. చన్నీళ్లో, గోరువెచ్చనివో చాలు.

కడగడం పది నిమిషాలకు తక్కువ పట్టదు. వేళ్ల కింద జారుడు పూర్తిగా పోవాలి, మిగిలిపోయిన షాంపూ కూడా దురద పెడుతుంది. మా బోరు నీళ్లు గట్టి నీళ్లు, నురుగు సరిగా రాదు, సబ్బు వాడితే బొచ్చు మీద తెల్లటి పొరలా ఉండిపోయేది. మిషన్ భగీరథ నల్లా వచ్చే పొద్దున రెండు బకెట్లు పట్టి పెట్టుకుంటున్నాను. తక్కువ షాంపూ పడుతోంది, తొందరగా పోతోంది. తర్వాత పాత నూలు లుంగీతో అద్ది, వేళ్ల సందులు ఒక్కొక్కటీ తుడిచి, ఫ్యాన్ కింద కూర్చోబెడతాను. వానాకాలంలో తడిగా వదిలేస్తే అంతా వృథా.

ఇంకో తప్పు కూడా చేశాను. మురికి పోవాలని ముందు వేప సబ్బుతో రుద్ది, సరిగా కడగకుండానే మందు షాంపూ పెట్టేదాన్ని. సబ్బు తగిలితే క్లోర్‌హెక్సిడిన్ పనిచేయకుండా పోతుందని డాక్టర్ చెప్పాకే తెలిసింది. మనుషుల షాంపూ కూడా వద్దు. మన చర్మానికి ఆమ్లగుణం ఎక్కువ, కుక్క చర్మం దాదాపు తటస్థం. మనకు సరిపోయేది దానికి సరిపోదు.

వారానికి రెండుసార్లు అలా చేస్తే మూడో వారానికి వాసన పోయింది. ఐదో వారానికి చంకల్లో నలుపు మధ్య గులాబీ రంగు కనిపించడం మొదలైంది. రెండో నెల చివర అక్కడ మెత్తటి బొచ్చు మొలిచింది, వేలితో తాకి చూసి ఏడ్చేశాను. ఇప్పుడు వానాకాలం మామూలుగా వారానికి ఒకసారి, చలికాలం, ఎండాకాలం నెలకు రెండుసార్లు.

నచ్చనివి కూడా ఉన్నాయి. ఖర్చు ఎక్కువ. 200 మిల్లీలీటర్ల బాటిల్‌కు నేను 520 రూపాయలు పెట్టాను. బుజ్జికి ఒక స్నానానికి 50 మిల్లీలీటర్లు పడుతుంది, అంటే నాలుగు స్నానాలకు ఒక బాటిల్. వారానికి రెండుసార్లు పోసే నెలల్లో వెయ్యి దాటుతుంది. చిన్న కుక్కైతే ఇంత కాదు. ఒళ్లంతా దవాఖాన వాసన వస్తుంది. వీపు మీద బొచ్చు గరుకుగా మారింది. అందుకే ఇప్పుడు చలికాలంలో ఒక స్నానం మందు షాంపూతో, ఒకటి ఆ ఓట్స్ షాంపూతో పోస్తున్నాను. మొదట పనికిరాలేదనుకున్నది ఇలా ఉపయోగపడుతోంది.

పిడుదులకు మాత్రం దీన్ని నమ్ముకోకండి, ఇది వాటి మందు కాదు. పైగా మెడ మీద చుక్కలుగా వేసే పిడుదుల మందు తరచూ స్నానం చేయిస్తే నిలవదు. బుజ్జికి డాక్టర్ నమిలే మాత్ర రాశారు. ఇంట్లో పిల్లి ఉన్నవాళ్లు పిడుదుల షాంపూ కొనే ముందు పర్మెత్రిన్ అనే పురుగుమందు ఉందేమో తప్పక చూడండి. కుక్క తట్టుకుంటుంది, పిల్లి ప్రాణానికే ముప్పు. మా ఇంట్లో పిల్లి రోజూ బుజ్జి పొట్టకు ఆనుకుని పడుకుంటుంది, అది తలుచుకుంటేనే భయమేస్తుంది.

షాంపూ ఈస్ట్‌ను తగ్గిస్తుంది. అది పెరగడానికి అసలు కారణమై ఉండొచ్చని అనుకుంటున్న అలర్జీని తగ్గించదు. అందుకేనేమో ప్రతి జూన్‌లో మొదటి వానలు పడగానే బుజ్జి పాదాలు నాకడం మొదలుపెడుతుంది. తెల్ల బొచ్చు ఎంగిలికి ఎర్రగా మారుతుంది. ఆ రంగు కనిపించిన రోజే వారానికి రెండు స్నానాలు మొదలుపెడతాను, ఆలస్యం చేయను. నిరుడు దాంతో పాటు పది రోజులు దురద మాత్రలు కూడా వేయాల్సి వచ్చింది. ఈసారి కూడా తగ్గకపోతే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్లి అలర్జీ సంగతి తేల్చుకోమని డాక్టర్ చీటీ రాసిచ్చారు. ఆ చీటీ, సగం వాడిన బాటిల్ రెండూ బాత్రూం పక్క అల్మారాలోనే ఉన్నాయి.