కీమో పోర్టు: ఆరేళ్ల వాడకం తరువాత నా అనుభవం

2019 జూన్‌లో నా కుడి కాలరు ఎముక కింద అమర్చిన కీమో పోర్టు ఇప్పటికీ అక్కడే ఉంది, ప్రతి 21 రోజులకూ పని చేస్తూనే ఉంది. రొమ్ము క్యాన్సరు చికిత్స మొదలయ్యే రోజుల్లో పోర్టు గురించి రెండు ముక్కలు చెప్పి సంతకం పెట్టించుకుంటారే తప్ప, పెట్టించుకున్నాక దానితో రోజులు ఎలా గడుస్తాయో ఎవరూ చెప్పరు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దదైన డబ్బీ, దాని మీద మందు సూది గుచ్చే సిలికాన్ పొర, డబ్బీలోంచి బయలుదేరి మెడ దగ్గరి పెద్ద నరం గుండా గుండె దగ్గరి దాకా వెళ్లే సన్నని గొట్టం: పోర్టు అంటే ఇంతే, మొత్తం చర్మం కిందే ఉంటుంది. (జీవశాస్త్రం చెప్పే టీచరును కనుక సిర అనాలి, కానీ కీమో ఎక్కించే డే కేర్‌లో అందరూ నరం అనే అంటారు.) మొదటి కీమో నాకు చేతి నరానికే ఇచ్చారు. ఎడమ చంకలోని గ్రంథులు తీసేశారు కాబట్టి ఆ చేతికి సూది గానీ బీపీ పట్టీ గానీ తగలకూడదు. మిగిలింది కుడి చెయ్యి ఒక్కటే. అందులోకి ఎర్ర మందు, అంటే డాక్సోరూబిసిన్, వెళ్లిన వారానికి నరం నల్లబడి తాడులా గట్టిపడింది. ఆ మందు నరం బయటికి కారితే చుట్టూ ఉన్న కండ కూడా పాడవుతుందని తెలిశాక రెండో కీమోకు ముందే పోర్టు పెట్టించుకున్నాను. ఆపరేషన్‌తో కలిపి ముప్పై వేలు దాటింది. ఆ రోజు అది నాకు పెద్ద మొత్తమే.

మేము సూర్యాపేట నుంచి కారులో హైదరాబాదుకు వెళతాం. చౌటుప్పల్ దగ్గర టీకి ఆగినప్పుడు, పోర్టు మీద మొద్దుబార్చే క్రీము దట్టంగా రాసి, పైన వంటింటి ప్లాస్టిక్ రేపరు ముక్క అంటించుకుంటాను. ఆసుపత్రి చేరి మన వంతు వచ్చేసరికి చర్మానికి స్పర్శ పోయి ఉంటుంది. సిస్టర్ రెండు వేళ్లతో డబ్బీ అంచులు పట్టుకుని, "ఊపిరి బిగపట్టండమ్మా" అని పోర్టు కోసమే ఉన్న హ్యూబర్ సూది నిటారుగా దించుతుంది. సూది మొన డబ్బీ అడుగును తాకినప్పుడు లోపల చిన్న 'టక్' తెలుస్తుంది. తరువాత రక్తం వెనక్కి లాగి చూసి, సెలైన్ తోస్తే నోట్లో ఇనుప చెంచా పెట్టుకున్నట్టు రుచి వస్తుంది. ఆరేళ్లయినా ఆ రుచి నాకు అలవాటు కాలేదు. ఒక్కోసారి రక్తం వెనక్కి రాదు. అప్పుడు తల పక్కకు తిప్పి, చెయ్యి పైకెత్తి, దగ్గమంటారు. ముప్పై మంది ముందు హాజరు పలికే పిల్లలా చెయ్యెత్తి దగ్గుతూ కూర్చున్న రోజులూ ఉన్నాయి.

ఇంట్లో దాని ఉనికి దాదాపు మరిచిపోతాను. కుట్లు మానాక స్నానానికి అడ్డు లేదు, బోర్డు మీద రాయడానికీ లేదు. పమిట ఎడమ భుజం మీదిది కాబట్టి చీరతో ఇబ్బంది లేదు గానీ, లోపలి పట్టీ సరిగ్గా డబ్బీ మీదుగా వెళ్లి ఒరుసుకునేది; జాకెట్ల భుజాలు కాస్త వెడల్పుగా కుట్టించుకున్నాక ఆ బాధ తీరింది. కారులో ముందు ఎడమ సీటులో కూర్చుంటే బెల్టు ఎడమ భుజం మీదుగా వస్తుంది, పోర్టుకు తగలదు. నేనే నడిపితే మాత్రం సరిగ్గా దాని మీదే పడుతుంది. అందుకని బెల్టు కింద చేతిరుమాలు మడిచి పెట్టుకుంటాను.

ఇక నేను చేసిన తప్పు. 2020 చివరికి ఏడాది పాటు తీసుకున్న ట్రాస్టూజుమాబ్ అనే క్యాన్సరు మందు పూర్తయింది. వాడకపోయినా నాలుగు వారాలకోసారి రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్ కలిపిన సెలైన్‌తో ఫ్లష్ చేయించాలని, అంటే గొట్టం కడిగించాలని, డిశ్చార్జి కాగితంలో ఎక్కడో ఒక వరుస ఉంది, నోటితో ఎవరూ చెప్పలేదు. నేను మూడు నెలలు వెళ్లలేదు. వెళ్లిన రోజు పోర్టు మొరాయించింది. రక్తం గడ్డ కరిగించే మందు ఎక్కించి, గంటలు ఆగి, రెండో ప్రయత్నంలో తెరిచారు. అప్పటి నుంచి ఫ్లష్ తేదీని గ్యాస్ బుకింగ్ తేదీ పక్కనే కేలండరు మీద రాసుకుంటున్నాను. "చికిత్స అయిపోయిందిగా, ఇంకా ఎందుకమ్మా అది?" అని బంధువులందరూ తీయించమన్నారు. రెండేళ్లు ఉంచుదామని డాక్టరు అన్నారు, ఉంచాను. 2022లో జబ్బు వెన్నెముకలో మళ్లీ కనిపించినప్పుడు, కనీసం నరం కోసం వెతుక్కునే పని మళ్లీ మొదలవలేదు.

నాకు నచ్చనివి రెండున్నాయి. మొదటిది, నాది పవర్ పోర్టు కాదు. సీటీ స్కానులో రంగు మందును ఒత్తిడితో పంపే యంత్రాన్ని మామూలు పోర్టుకు తగిలించరు, కాబట్టి స్కాను ఉన్న ప్రతిసారీ ఆ ఒక్క కుడి చేతినే తట్టి తట్టి వాచేలా చేస్తారు. పెట్టించుకునే ముందు ఈ తేడా ఎవరైనా చెప్పి ఉంటే పవర్ పోర్టే అడిగేదాన్ని. రెండోది, ఊళ్లలో దీన్ని వాడటం తెలిసినవాళ్లు తక్కువ. ఒకసారి విరేచనాలతో నీరసించి దగ్గర్లోని ఒక ఆసుపత్రికి వెళితే, మామూలు సూదితో పోర్టు గుచ్చబోయారు. ఆ సూది సిలికాన్ పొరను కొరుకుతుంది, పొర కారడం మొదలుపెడితే పోర్టు మార్చాల్సిందే. చేత్తో అడ్డం పెట్టి ఆపాను, కోపగించుకున్నారు. ఇప్పుడు రెండు హ్యూబర్ సూదులు ఇంట్లో ఉంచుకుంటున్నాను, వాడటం తెలిసిన సిస్టర్ ఉంటేనే బయటికి తీస్తాను.

ఫ్లష్ చేసిన కాసేపటికే చలితో వణుకుతూ జ్వరం వస్తే పోర్టులో ఇన్ఫెక్షన్ ఉండవచ్చు. పారాసిటమాల్ వేసుకుని పడుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నాకు ఇంతవరకు రాలేదు. పక్క మంచం ఆవిడకు వచ్చి పోర్టు తీసేశారు.

నాలుగు కీమోలతో అయిపోయే చికిత్స, రెండు చేతుల్లోనూ మంచి నరాలు ఉన్నవాళ్లు ఈ ఖర్చు గురించి ఒకసారి ఆలోచించుకోవచ్చు. ఒక చెయ్యి వాడకూడనివాళ్లు, ఏడాది పైన మందు ఎక్కించుకోవలసినవాళ్లు మాత్రం నాలా మొదటి నరం కాలే దాకా ఆగవద్దు. పవర్ పోర్టు అవునా కాదా అడిగి తెలుసుకోండి. దాని కంపెనీ, రకం రాసి ఇచ్చే కార్డును పారేయకండి. నాది పర్సులో ఆధార్ కార్డు వెనకే ఉంటుంది.