వంటింటి గోడకు ఛానెల్ షెల్ఫులు: కాలం మారేటప్పుడు తెలిసే సుఖం

వంటింట్లో తలుపుల్లేని షెల్ఫులు పెట్టుకోవాలనుకునేవాళ్లకు నేను గట్టిగా చెప్పే మాట ఒకటుంది. ఒకసారి బిగిస్తే ఇక కదలని అరలు వద్దు. గోడకు నిలువుగా ఇనుప ఛానెళ్లు బిగించి, వాటి స్లాట్లలో, అంటే సన్నటి చీలికల్లాంటి రంధ్రాల్లో, బ్రాకెట్లు తగిలించి, పైన పలకలు వేసే రకం తీసుకోండి. చూడ్డానికి మొదటి రకమే నాజూగ్గా ఉంటుంది, కాదనను. కానీ ఎండలు పోయి వానలు వచ్చినప్పుడు, వానలు పోయి చలి మొదలైనప్పుడు వంటింట్లో చేతికి కావలసిన సామాను మారిపోతుంది. సామానుతో పాటు అరలూ మారగలిగితేనే ఆ గోడ ఏడాది పొడుగునా కళగా ఉంటుంది.

మా ఇంట్లో ఉన్నది మూడు ఛానెళ్లు, మూడు పలకల సెట్టు. ఛానెళ్లు, బ్రాకెట్లు పౌడర్ కోటింగ్ వేసిన స్టీలు. పలకలు రబ్బరు చెట్టు చెక్కవి, 25 సెంటీమీటర్ల వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం. స్లాటుకీ స్లాటుకీ మధ్య దూరం 2.5 సెంటీమీటర్లు. సెట్టు మొత్తంలో నాకు బాగా నచ్చింది ఈ చివరి కొలతే. ఎండాకాలంలో కింది అర మీద పొడుగు జగ్గులు, నీళ్ల సీసాలు, గాజు గ్లాసులు ఉంటాయి. జగ్గు పట్టాలంటే 35 సెంటీమీటర్ల ఎత్తయినా కావాలి. చలి మొదలయ్యేసరికి జగ్గులు పై అరకి వెళ్లి మందపాటి కప్పులు, మూతల పింగాణీ గిన్నెలు కిందికి వస్తాయి. కప్పులకు అంత ఎత్తు అక్కర్లేదు. కదలని అరలైతే కప్పుల పైన జానెడు ఖాళీ మిగిలి గోడ బోసిగా కనబడుతుంది, దాన్ని నింపడానికి ఏవో బొమ్మలు కొనాలనిపిస్తుంది. ఇక్కడ కప్పుల పైనున్న అరను నాలుగైదు స్లాట్లు కిందికి దించితే చాలు, అవే కప్పులు నిండుగా కనబడతాయి. కొత్తగా ఏదీ కొననక్కర్లేదు.

అర దించడం పెద్ద పనేం కాదు. పలకను బ్రాకెట్లకు పట్టి ఉంచే చిన్న స్క్రూలు కింద నుంచి విప్పి పలక తీసేయాలి. తర్వాత బ్రాకెట్ ముందు కొసను కాస్త పైకెత్తి మనవైపు లాగితే వెనక ఉన్న రెండు కొక్కేలు స్లాట్లలోంచి ఊడి వస్తాయి. తిరిగి పెట్టేటప్పుడు రెండు కొక్కేలూ లోపలికి దూరాక కిందికి గట్టిగా నొక్కాలి. ఠక్కున చప్పుడు వస్తుంది. రాకపోతే ఒక్క కొక్కెమే పట్టుకుందేమో చూసుకోవాలి. గాజు సామాను పెట్టే అర కాబట్టి ఈ ఒక్క విషయంలో తొందర పనికిరాదు. గోడ జోలికి మాత్రం మళ్లీ వెళ్లక్కర్లేదు, డ్రిల్లు తీయక్కర్లేదు.

ఇలా కదిలే అరల ఆలోచన పాతదే. స్వీడన్‌లో నిల్స్ స్ట్రిన్నింగ్ 1949లో రూపొందించిన స్ట్రింగ్ షెల్ఫు, జర్మనీలో డీటర్ రామ్స్ 1960లో చేసిన 606 షెల్ఫు ఇప్పటికీ తయారవుతున్నాయి. అవసరాన్ని బట్టి అరల్ని మళ్లీ మళ్లీ అమర్చుకోవచ్చన్నదే రెండిటి బలం. నన్నడిగితే ఆ గుణం పుస్తకాల గది కంటే వంటింటికే ఎక్కువ కావాలి.

ఇక అలంకరణ. కాలం మారిందంటే చాలామంది ముందు రంగుల గురించి ఆలోచిస్తారు. నేను ముందు ఎండ ఎక్కడ పడుతోందో చూస్తాను. భూమి 23.4 డిగ్రీలు ఒరిగి తిరుగుతుంది కాబట్టి చలికాలంలో మధ్యాహ్నపు సూర్యుడు కిందుగా వెళ్తాడు. అప్పుడు ఎండ వచ్చే కిటికీ ఉంటే, వేసవిలో గడప దాటని వెలుగు చలికాలంలో గది లోపలి దాకా వస్తుంది. మా ఇంట్లో వేసవంతా నీడలో ఉండే మధ్య అర మీద చలికాలంలో మధ్యాహ్నం కాసేపు ఏటవాలుగా ఎండ పడుతుంది. అందుకని వానలు తగ్గుముఖం పట్టగానే ఆ చోటికి లేతాకుపచ్చ గాజు గిన్నెలు చేరతాయి. ఎండ గాజులోంచి దూరి వెనక తెల్ల గోడ మీద పచ్చటి మరక వేస్తుంది, గిన్నె అంచు దగ్గర ఆ పచ్చదనం చిక్కగా, లోపలికి వెళ్లేకొద్దీ పల్చగా ఉంటుంది. దుకాణంలో దొరికే ఏ అలంకరణా నాకు అంత ఆనందం ఇవ్వదు. నూనె సీసాలు, పొడుల డబ్బాలు మాత్రం ఆ వెలుగుకి దూరంగా జరగాలి. వెలుతురు తగిలితే నూనె తొందరగా కమురు వాసన వస్తుంది, పొడులు రంగు, వాసన కోల్పోతాయి. ముదురు రంగు సీసాలైతే కొంత నయం.

మబ్బు రోజుల్లో, తొందరగా చీకటి పడే రోజుల్లో అర అడుగున అతికించే ఎల్‌ఈడీ పట్టీ చాలా సాయం చేస్తుంది. పసుపు ఛాయలో వెలిగే 2700 నుంచి 3000 కెల్విన్ మధ్యది తీసుకోండి (కెల్విన్ అంటే లైటు రంగుకు కొలత). అంతకంటే తెల్లటి లైటు కింద చెక్క పాలిపోయినట్టు కనబడుతుంది. ఈ సెట్టులో పలక ముందు అంచు కాస్త కిందికి దిగి ఉంటుంది, పట్టీ దాని వెనక దాక్కుని కంటికి కొట్టదు. ఇది చాలా తెలివైన పని.

ఒక్క రోజులో అన్నీ మార్చేయడం నాకు ఇష్టం ఉండదు. వేసవి వెళ్లిన మర్నాడే చలి రాదు కదా, మధ్యలో రెండు కాలాలూ కలిసి ఉండే రోజులుంటాయి. ఆ రోజుల్లో గ్లాసులూ ఉండాలి, కప్పులూ ఉండాలి. కంటి ఎత్తున ఉండే మధ్య అర ముందు మారుతుంది, కింది అర ఆ వెనకాలే, పైది అన్నిటికంటే ఆఖర్న. తెల్ల పళ్లేల దొంతర ఏ కాలంలోనూ కదలదు. దాని పక్కన వేసవిలో గాజు, చలికాలంలో చెక్క గిన్నె, ఒక రాగి పాత్ర. రాగి ఎరుపు తెల్ల పింగాణీ పక్కన ఎంత వెచ్చగా ఉంటుందో పెట్టి చూస్తేనే తెలుస్తుంది. ప్రతి అరలో కొంత భాగం ఖాళీగా వదిలేయండి. తెరిచి ఉన్న అరకు ఊపిరి ఆ ఖాళీయే, అదీకాక చెయ్యి పెట్టి వెనక వస్తువు తీయాలన్నా అదే కావాలి.

ఎండు పూలు, ఎండు కొమ్మలు వంటింటి అర మీద పెట్టొద్దని మాత్రం బతిమాలి చెబుతాను. ఫొటోల్లో బాగుంటాయి. పొయ్యి దగ్గర అవి నిప్పంటుకునే సరుకు, పైగా నూనె జిడ్డు పట్టాక కడగడానికి వీలుండదు. పచ్చదనం కావాలంటే మనీ ప్లాంట్ తీగ వేలాడదీయండి, ఆకులు తడిగుడ్డతో తుడుచుకోవచ్చు. ఇంట్లో పిల్లి ఉంటే అదీ వద్దు, ఆ ఆకుల్లోని కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు దాని నోటికి హాని చేస్తాయి.

జిడ్డు గురించి నిజం చెప్పాలి. వేపుళ్లప్పుడు లేచే నూనె తుంపర సన్నగా పేరుకుని, గాలి తగిలి గట్టిపడి, జిగట పొరలా తయారవుతుంది. ఏ షెల్ఫూ దీన్ని తప్పించలేదు. రోజూ వాడే సామాను రోజూ కడుగుతాం కాబట్టి దానికి పట్టదు, వాడని అలంకరణ వస్తువుకే పడుతుంది. అందుకే వాడని వస్తువును అర మీద ఉంచను. కాలం మారినప్పుడు ఎలాగూ అరలు ఖాళీ చేస్తాం గనక గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బుతో పలకలు, బ్రాకెట్లు తుడిచి వెంటనే పొడిగుడ్డ పెడతాను. వంట సోడా కలిపిన నీళ్లు అల్యూమినియం మీద వాడకండి, నల్లబడుతుంది.

వానాకాలం ఈ సెట్టుకు అసలు పరీక్ష. చెక్క గాలిలో తేమ పీల్చి వెడల్పు వైపు ఉబ్బుతుంది, పొడుగు వైపు దాదాపు మారదు. ఆ కదలికకు చోటు లేకుండా బిగిస్తే పలక వంగుతుంది, ఒక్కోసారి చీలుతుంది. ఈ బ్రాకెట్లకు స్క్రూ రంధ్రాలు గుండ్రంగా కాకుండా కోలగా ఉన్నాయి, పలక ఉబ్బినా స్క్రూ అందులో జరుగుతుంది. తయారుచేసినవాళ్లకు చెక్క స్వభావం తెలుసని ఆ రంధ్రం చూడగానే అర్థమైంది. తేమ రోజుల్లో పేము బుట్టలు, అరల మీద పరిచే గుడ్డలు, కాగితం లేబుళ్లు బూజు పడతాయి కాబట్టి వాటిని లోపల పెట్టేసి గాజు, స్టీలు, పింగాణీ మాత్రమే బయట ఉంచుతాను.

వానలు తగ్గి చెక్క బాగా ఆరాక ఒక పూత నూనె. అవిసె నూనె వాడితే ఒక జాగ్రత్త తప్పనిసరి. తుడిచిన గుడ్డను ఉండ చుట్టి పడేయకూడదు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దగా ఉన్న గుడ్డ దానంతట అదే అంటుకోగలదు. ఆరుబయట పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లలో ముంచి ఉంచాలి. పలకలకు అవిసె నూనె పట్టించమని రాసిన సూచనల కాగితంలో ఈ ముక్క లేకపోవడం నాకు చాలా కోపం తెప్పించింది.

రెండు ఛానెళ్ల సెట్టు కాస్త తక్కువలో వస్తుంది, కానీ పొడుగు పలకకు దాన్ని సిఫారసు చేయను. బరువు సమంగా పరిచి ఉన్నప్పుడు ఆధారాల మధ్య దూరం రెట్టింపైతే పలక కుంగుదల 16 రెట్లవుతుంది. మందం రెట్టింపు చేస్తే కుంగుదల ఎనిమిదో వంతుకు తగ్గుతుంది, కానీ అంత మందం పలక మోటుగా ఉంటుంది. మధ్యలో మూడో ఛానెలే సరైన మార్గం. పళ్లేల దొంతరలాంటి బరువులు ఎప్పుడూ బ్రాకెట్ మీదుగా పెట్టండి. ఇటుక గోడకు, స్క్రూ పట్టు కోసం రంధ్రంలో దిగ్గొట్టే మంచి ప్లగ్గులు సరిపోతాయి. బోలు గోడైతే లోపలి నిలువు ఫ్రేములోకే స్క్రూ దిగాలి.

లోపాలు లేకపోలేదు. ఛానెళ్ల చివర్లకు వేసే ప్లాస్టిక్ మూతలు వేడికి వదులై రాలిపోతున్నాయి. కొక్కేలు స్లాట్లను రాసుకునే చోట పెయింటు లేచింది. తేమ రోజుల్లో అక్కడ తుప్పు పట్టకుండా టచప్ వేయాల్సి వచ్చింది. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది విడి భాగాలతో. తర్వాత తెప్పించిన బ్రాకెట్ల జత అదే తెలుపని చెప్పి పంపారు, పక్కన పెడితే పసుపు తిరిగిన తెలుపు. మార్చి ఇవ్వడానికి బాగా తిప్పారు.

అయినా ఐదుకి నాలుగు ఇస్తాను. పొయ్యికి సరిగ్గా పైన తప్ప ఇంకో గోడ లేని వంటింటికి మాత్రం ఇది వద్దు, తలుపులున్న కప్‌బోర్డే మేలు. కొనేవాళ్లు మొదటి ఆర్డరులోనే ఒక జత బ్రాకెట్లు అదనంగా తీసుకుని పెట్టుకోండి, అప్పుడు రంగు తేడా రాదు.