బాధ గురించి అడిగినవారితో బైబిల్లో ఏది చదవాలి: యోబు గ్రంథమా, హబక్కూకు గ్రంథమా?

కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయిన మనిషి "ఇది ఎవరి పాపం?" అని అడిగితే యోబు తెరవాలి. ధాన్యం అమ్మి దళారి చేతిలో మోసపోయిన రైతు "దేవుడు చూస్తూ ఊరుకున్నాడేం?" అంటే హబక్కూకు. మొదటిది కారణం కనబడని బాధ, రెండోది మనుషులు చేసిన అన్యాయం.

యోబులో 42 అధ్యాయాలు. గృహ కూడికలో అన్నీ చదివితే సగంలో జనం జారుకుంటారు. 1–3, 8, 19, 38, 42 చాలు, వారానికొకటి. ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు, యోబును ఓదార్చడానికొచ్చిన స్నేహితుల మాటల్ని దేవుని మాటలుగా పట్టుకోవడం. "మొదట కొద్దిగా ఉన్నా తుదకు మహాభివృద్ధి" అన్న 8:7ని వాగ్దానంగా గోడకు తగిలిస్తాం. ఆ మాట ఆ స్నేహితుల్లో ఒకడైన బిల్దదుది! అతనూ అతని స్నేహితులూ తన గురించి యుక్తమైనది పలకలేదని 42:7లో దేవుడే అంటాడు. అందుకే ప్రతి అధ్యాయం ముందు "మాట్లాడేది ఎవరు?" అని అడిగించండి. కారణం మాత్రం యోబుకు చివరిదాకా తెలియదు. అది దాచకండి.

హబక్కూకు 3 అధ్యాయాలే, ఒక్క సాయంత్రం సరిపోతుంది. అన్యాయాన్ని ఎందుకు చూస్తూ ఊరుకున్నావని ప్రవక్త అడుగుతాడు, దేవుడు శిక్షగా కల్దీయులను (బబులోనువారిని) రేపుతానంటాడు, ఇంకా దుర్మార్గులైనవారితోనా అని ఆ జవాబుతో ప్రశ్న ఇంకా బరువెక్కుతుంది (1:13). చాలామంది ఇదంతా దాటేసి, పైరు పండకపోయినా ఆనందిస్తాననే 3:17–18కి పరుగెడతారు. ఎండిన చేను ముందు నిలబడ్డవాడికి అది నోరు మూయించడంలా ఉంటుంది. 1వ అధ్యాయం నిదానంగా, బిగ్గరగా చదివించండి.

కొత్త గుంపుకైతే నా ఓటు హబక్కూకుకే. మంచం పట్టినవారి ఇంట్లో మాత్రం యోబు 3 చదివి, వివరణ లేకుండా వారిని మాట్లాడనివ్వండి.