హెల్మెట్‌లో చెమట పట్టీ: రెగ్జిన్, స్పాంజ్, జెర్సీ, టర్కీ గుడ్డ – ఏది మేలు?

ఏప్రిల్ వచ్చిందంటే సైట్లలో, ప్లాంట్లలో అందరి నోటా ఇదే మాట: చెమట కళ్లలోకి కారుతోంది, నుదుటి మీద గీత పడుతోంది, ఏ పట్టీ వేసుకుంటే మంచిది? టర్కీ గుడ్డ అంటే టవళ్లకు వాడే, లూపులు తేలిన నూలు గుడ్డ. ఇక్కడ చెప్పేదంతా ఐఎస్ 2925 (పని చోట్ల వాడే హెల్మెట్లకు భారత ప్రమాణం) ముద్ర ఉన్న సేఫ్టీ హెల్మెట్ గురించే. బండి హెల్మెట్ లోపలి అమరిక వేరు, ఈ లెక్కలు దానికి కుదరవు.

పట్టీ కొనే ముందు హెల్మెట్ వెనక బిగింపు సరిచేసే నాబ్ సంగతి చూడండి. నుదురు నొప్పి అన్నవాళ్లలో చాలామందికి పట్టీతో పేచీ ఉండదు, బిగింపుతోనే పేచీ. గడ్డం పట్టీ పెట్టుకోవడం విసుగనిపించి, హెల్మెట్ జారకుండా నాబ్‌ను మరో రెండు క్లిక్కులు తిప్పేస్తారు. దాంతో హెల్మెట్ లోపల తల చుట్టూ ఉండే హెడ్‌బ్యాండ్ నుదుటి ఎముకను పట్టేస్తుంది. అంత బిగింపులో ఎంత మెత్తటి పట్టీ అయినా నలిగి అట్టముక్కలా అయిపోతుంది. తల ముందుకు వంచితే హెల్మెట్ పడిపోకుండా ఉండాలి, అంతవరకే నాబ్ తిప్పండి. పరిగెత్తినా, ఎక్కినా దిగినా హెల్మెట్‌ను ఆపే పని గడ్డం పట్టీది. భూగర్భ గనుల్లో క్యాప్ ల్యాంప్ (హెల్మెట్ ముందు తగిలించే దీపం) బరువు హెల్మెట్‌ను ముందుకు లాగుతుంది కాబట్టి అక్కడ ఈ పొరపాటు మరీ ఎక్కువ. నాబ్ వదులు చేసి అరగంట పనిచేశాక కూడా ఎర్రటి గీత పడుతుంటే, అప్పుడు పట్టీ మార్చాల్సిందే.

ఎండ వేరు, ఉక్క వేరు

చెమట కారితే ఒళ్లు చల్లబడదు, ఆరితేనే చల్లబడుతుంది. ఒక గ్రాము చెమట ఆవిరైతే దాదాపు 2.4 కిలోజౌళ్ల వేడిని తీసుకుపోతుంది. అదే గ్రాము కనురెప్ప మీదికి జారితే కళ్ల మంట తప్ప ఒరిగేదేమీ లేదు. ఎండలో బరువు పని చేసే మనిషికి గంటకు లీటరు దాకా చెమట పట్టొచ్చు. అందులో నుదుటి వాటా కొంచెమే అయినా, షిఫ్టు పొడుగునా దాన్ని తాగుతూ కూర్చునే పట్టీ అంటూ లేదు. ఏదైనా ఒక దశలో నిండిపోతుంది. నిండాక ఏం జరుగుతుందన్న దగ్గరే మంచి పట్టీకీ చెడ్డ పట్టీకీ తేడా తెలుస్తుంది.

ఇది ఊరిని బట్టి కూడా మారుతుంది. రామగుండం ఓపెన్‌కాస్ట్ (పైనుంచి తవ్వే బొగ్గు గని)లో మే నెల మధ్యాహ్నం 44 డిగ్రీల వేడి, 20 శాతం తేమ అనుకుందాం. అప్పుడు గాలిలో నీటి ఆవిరి పీడనం, అంటే గాలిలో ఉన్న తేమ ఒత్తిడి, దాదాపు 1.8 కిలోపాస్కళ్లు. 35 డిగ్రీలున్న తడి చర్మం దగ్గర అది 5.6. మధ్యనున్న తేడా 3.8, చెమటను ఆరబెట్టేది ఆ తేడాయే. విశాఖలో 34 డిగ్రీల వేడి, 75 శాతం తేమ అనుకుంటే గాలిలో పీడనం 4 దాకా ఉంటుంది, తేడా 1.6కు పడిపోతుంది. థర్మామీటర్ పది డిగ్రీలు తక్కువ చూపించినా, గాలి ఒకేలా వీస్తున్నా, విశాఖలో చెమట ఆరే వేగం రామగుండంలో సగం కూడా ఉండదు. ఉక్కపోత అంటే అదే.

భూగర్భ గనుల్లో ఇంకా కష్టం. పనిచేసే చోట తడి బల్బు ఉష్ణోగ్రత (తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపేది) 33.5 డిగ్రీలు దాటకూడదని బొగ్గు గనుల నిబంధనలు చెబుతాయి. 30.5 దాటితే గాలి సెకనుకు కనీసం ఒక మీటరు వేగంతో వీచే ఏర్పాటు ఉండాలి. ఆ హద్దుల దగ్గర పనిచేసేవాళ్లు తలమీదున్న పట్టీ దానంతటదే ఆరుతుందని ఆశ పెట్టుకోవద్దు.

కాబట్టి ఎండ ఊళ్లకు త్వరగా ఆరే పట్టీ కావాలి. ఉక్క ఊళ్లకు ఎక్కువ పీల్చి, విప్పి మార్చుకోవడానికి వీలైన పట్టీ కావాలి.

రెగ్జిన్, స్పాంజ్, జెర్సీ

హెల్మెట్‌తో పాటు వచ్చే రెగ్జిన్ పట్టీకి చిన్న చిన్న చిల్లులుంటాయి, వెనక పలచని స్పాంజ్ ఉంటుంది. తుడుచుకోవడం తేలిక. నలుగురు వచ్చి చూసి పోయే విజిటర్ హెల్మెట్లకు అది చాలు. పని చేసేవాళ్లకు చాలదు, ఎందుకంటే అది పీల్చేది దాదాపు సున్నా. చెమట దాని మీదుగా జారి కనుబొమల దగ్గర తేలుతుంది. ఉప్పు, జుట్టు నూనె పట్టి పట్టి కొన్ని నెలల్లో అంచులు బిగుసుకుని పగులుతాయి, ఆ పగుళ్లే నుదుటిని కోస్తాయి.

విడిగా దొరికే స్పాంజ్ పట్టీ పెట్టుకున్న మొదటి గంట హాయిగా ఉంటుంది, అందుకే అమ్ముడుపోతుంది. ఇబ్బందల్లా తల వంచినప్పుడు. నిండిన స్పాంజ్‌ను హెడ్‌బ్యాండ్ నొక్కగానే పిండినట్టు చెమటంతా ఒక్కసారిగా కళ్లలోకి దిగుతుంది. నిచ్చెన మీదో, గ్రైండర్ చేతిలోనో ఉన్నప్పుడు ఇలా జరిగితే ప్రమాదం. పైగా రోజూ తడిసి ఆరే స్పాంజ్ పసుపుబారి పొడిపొడిగా రాలుతుంది. నుదుటి మీద ముక్కలు అంటుకోవడం మొదలైందంటే దాని పని అయిపోయినట్టే.

జెర్సీ గుడ్డ, అంటే ఆటగాళ్ల చొక్కాలకు వాడే పాలిస్టర్, చెమటను దాచుకోదు, పరుస్తుంది. తడి వెడల్పుగా పాకి త్వరగా ఆరుతుంది. రామగుండం, ఆదిలాబాద్, కర్నూలు లాంటి పొడి ఎండల్లో దీన్ని కాదనలేం. తేలిక, ఉతికితే గంటలో ఆరుతుంది, నూనె వాసన తప్ప వేరే పేచీ లేదు. అదే గుడ్డ విశాఖలోనో కాకినాడలోనో ఆరే దారి లేక అరగంటకే చుక్కలు వదులుతుంది. వెల్డింగ్, గ్యాస్ కటింగ్, కోక్ ఓవెన్లు, కరెంటు ప్యానెళ్ల దగ్గర పనిచేసేవాళ్లు మాత్రం ఏ ఊళ్లో ఉన్నా దీని జోలికి పోవద్దు. పాలిస్టర్ వేడికి కరిగి చర్మానికి అంటుకుంటుంది. నూలు కూడా కాలుతుంది కానీ కరిగి అంటుకోదు.

నీళ్లలో ముంచి పెట్టుకునే కూలింగ్ ప్యాడ్ల కోసం ఎక్కువ చెప్పక్కర్లేదు. పొడి ఎండలో చల్లగా ఉంటాయి, మధ్యమధ్యలో మళ్లీ తడపాలి, ఆరితే అట్టలా బిగుసుకుంటాయి. ఉక్కలో అవి తడిగుడ్డతో సమానం. సిలికాన్ గాడి ఉన్న పట్టీలు చెమటను కణతల వైపు మళ్లిస్తాయి, కానీ కళ్లద్దాల కాడలతో తగువు. తోలు పట్టీ కొత్తలో బాగుంటుంది, ఉప్పు పట్టాక చెక్కే.

టర్కీ గుడ్డ, అదీ చుట్టుకునేది

పట్టీ పెట్టే తీరు గుడ్డ రకం కన్నా ముఖ్యం. అమ్మకంలో ఉన్న పట్టీల్లో ఎక్కువ భాగం హెడ్‌బ్యాండ్ లోపలి వైపు మాత్రమే అతుక్కునేవి. అంటే గుడ్డకు ఒక పక్క నుదురు, ఇంకో పక్క ప్లాస్టిక్. గాలి తగిలేది కింది అంచుకు మాత్రమే, చుక్క జారేదీ అక్కడి నుంచే. ఎంత ఖరీదైన గుడ్డ పెట్టినా ఈ ఇరుకులో అది ఆరలేదు.

హెడ్‌బ్యాండ్‌ను లోపలా బయటా కలిపి చుట్టేసే పట్టీది వేరే లెక్క. లోపలి వైపు పీల్చిన తడి నూలు పోగుల వెంట బయటి వైపుకు పాకుతుంది. బయటి వైపు హెడ్‌బ్యాండ్‌కూ డిప్పకూ (హెల్మెట్ పైనుండే గట్టి గుల్లకు) మధ్య సందు ఉంది, అందులో గాలి ఆడుతుంది. తల కదిలినప్పుడల్లా కొంత ఆరుతుంది. ఆరని ఊళ్లలో కూడా నష్టం లేదు, తడి పట్టే చోటు రెట్టింపవుతుంది కాబట్టి నిండడానికి ఎక్కువసేపు పడుతుంది. ఎండకైనా ఉక్కకైనా పనికొచ్చేది ఇదొక్కటే, అందుకే నా ఓటు చుట్టుకునే టర్కీ నూలు పట్టీకి.

దీనికీ ఒక ఖరీదుంది. డిప్పకూ హెడ్‌బ్యాండ్‌కూ మధ్యనున్న ఆ సందు గాలి కోసం మాత్రమే కాదు, దెబ్బ తగిలినప్పుడు డిప్ప తలను తాకకుండా ఉండటానికి. యూరప్ ప్రమాణం ఈఎన్ 397 ప్రకారం అది కనీసం 5 మిల్లీమీటర్లు ఉండాలి. మందపాటి స్నానపు టవల్ చుట్టి ఆ సందు పూడ్చేస్తే మొదటికే మోసం. పట్టీ వేశాక చిటికెన వేలు ఆ సందులో ఒత్తుకోకుండా దూరాలి. దూరకపోతే పలచటి గుడ్డకు మారండి.

దర్జీ దగ్గర కుట్టించుకునేవాళ్లకు కొలతలు: హెడ్‌బ్యాండ్ ముందు భాగం వెడల్పు 35 మిల్లీమీటర్లు అనుకుంటే, రెండు వైపులకు 70, గుడ్డ మందానికి 10, ఒక అంచు మీదికి ఇంకోటి ఎక్కడానికి 15, అంచుల మడతకు 10, మొత్తం 105 మిల్లీమీటర్ల వెడల్పు. పొడవు 220, అందులో చివరి మడతలు పోగా నుదుటి నడుమ నుంచి అటు 100, ఇటు 100 మిగులుతాయి. నూలు కుంచించుకుపోతుంది కాబట్టి కత్తిరించే ముందే ఒకసారి వేడినీళ్లలో ఉతికి ఆరబెట్టండి. వెల్క్రో కలిసే చోటు, కుట్టు, రెండూ డిప్ప వైపుకే ఉండాలి. వెల్క్రో గరుకు ముక్క నుదుటి వైపుకు వస్తే గంటలో చర్మం లేచిపోతుంది.

బిగించేటప్పుడు హెడ్‌బ్యాండ్‌ను డిప్ప నుంచి విప్పి, పాత రెగ్జిన్ పట్టీని పూర్తిగా తీసేయండి. దాని మీదే కొత్తది ఎక్కిస్తే రెండు మందాలూ కలిసి హెల్మెట్ బిగుతవుతుంది, చెమట రెగ్జిన్ దగ్గరే ఆగిపోతుంది. పట్టీ చివరలు లోపలి తాళ్ల కొక్కేల మీదికి పోకూడదు, పోతే కొక్కెం సరిగా కూర్చోదు. మళ్లీ డిప్పలో పెట్టాక ప్రతి కొక్కేన్నీ టక్కుమనేదాకా నొక్కండి. కొత్త మందానికి నాబ్ ఒకట్రెండు క్లిక్కులు వదలాలి. పిన్నీసులు, స్టేప్లర్, ఫెవిక్విక్ వద్దు: ఆరిన జిగురు గట్టి గీతలా నుదుటిని నొక్కుతుంది, కొన్ని జిగుర్లు ఏబీఎస్, పాలీకార్బొనేట్ ప్లాస్టిక్ డిప్పలను దెబ్బతీస్తాయి. సైట్‌లో బయటి పట్టీలు ఒప్పుకోరంటే హెల్మెట్ కంపెనీ అమ్మే విడి టర్కీ పట్టీ అడగండి.

మరి తలకు తువ్వాలు చుట్టి పైన హెల్మెట్ పెడితే? ముడి పడిన చోట హెల్మెట్ పైకి లేస్తుంది, తలపై ఖాళీ తగ్గుతుంది, దెబ్బ సూటిగా ముడి మీదే పడుతుంది. వద్దు. ముడి లేని పలచటి నూలు టోపీ అయితే పరవాలేదు. చిల్లులున్న హెల్మెట్ తలకు గాలినిస్తుంది కానీ కరెంటు పని, కరిగిన లోహం ఉన్నచోట పనికిరాదు.

ఎన్ని పట్టీలు, ఎలా ఉతకాలి

మనిషికి మూడు: ఒకటి తలమీద, ఒకటి జేబులో జిప్ కవర్లో, ఒకటి ఇంట్లో తీగ మీద. ఉక్క ఊళ్లలో భోజనం వేళ తడిది తీసి పొడిది వేసుకోవాలి. దుబాయ్, అబుధాబీల్లో పనిచేసే మనవాళ్లకు జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పనికి విరామం ఉంటుంది, మార్చుకోవడానికి అదే సరైన వేళ. కాంట్రాక్టు పనుల్లో ఒకే హెల్మెట్ షిఫ్టుకొకరి తలకెక్కుతుంది. అలాంటిచోట హెల్మెట్ ఎవరిదైనా కానీ, పట్టీ మాత్రం మీదే ఉండాలి. నుదుటి మీద కురుపులు, దురదలు ఒకరి నుంచి ఇంకొకరికి పాకేది ఎక్కువగా ఆ తడి పట్టీతోనే.

ఉతకడానికి గోరువెచ్చని నీళ్లు, మామూలు డిటర్జెంట్ చాలు. బట్టలు మెత్తబడే లిక్విడ్ వేయొద్దు, అది పోగుల మీద పూతలా పట్టి నీళ్లు పీల్చకుండా చేస్తుంది. కొబ్బరినూనె చేసే పనీ ఇదే. తలకు నూనె రాసుకుని పనికొచ్చేవాళ్ల పట్టీ వారానికే మొద్దుబారుతుంది, అలాంటిదాన్ని వేడినీళ్లలో డిటర్జెంట్‌తో అరగంట నానబెట్టి ఉతకాలి. నూనె పోయిందో లేదో తేల్చుకోవడానికి, పూర్తిగా ఆరిన పట్టీ మీద ఒక్క నీటిచుక్క వేయండి. వెంటనే ఇంకితే బాగున్నట్టు. ముత్యంలా నిలబడితే మళ్లీ వేడినీళ్లు. రెండోసారి ఉతికాక కూడా చుక్క నిలబడుతున్నా, టర్కీ లూపులు అణిగి నున్నగా తగులుతున్నా, ఆ పట్టీని గ్రీజు తుడిచే గుడ్డల్లో వేసేయండి.